కౌన్సిలర్ గారి కాళ్ళ దగ్గర

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టిలోకి తిరిగి చేరిన ప్రతివారినీ పేరుపేరునా గుర్తుంచుకునే దేవునికి స్తోత్రం. మనం మరచిన చోట మరవనివాడు, మనం దాచిన చోట చూసేవాడు ఆయన. ఆయన కనికరం లేకపోతే ఈ సంగతి రాయడానికి నా చేయి లేచేది కాదు.

మా పుదుచ్చేరి నుంచి లోపలికి పోయే బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుంటే రాజకీయ నాయకుల సమాధులు చాలా కనబడతాయి. ఒకాయన తన వేరుశనగ చేలోనే పడుకున్నాడు. తల దగ్గర పార్టీ జెండా, పట్టపగలు కూడా వెలిగే బల్బు. సేదరపేట్ దారిలో ఒక కొమ్యూన్ పంచాయతీ పెద్ద సమాధి మీద ఆయన బొమ్మ ఉంది. బొమ్మ కళ్ళజోడుకు ప్రతి పుట్టినరోజుకూ కొత్తగా నల్ల రంగు వేస్తారు. అక్కడ బస్సు ఆగితే కండక్టర్ "సమాధి స్టాపింగ్, దిగండి" అని అరుస్తాడు. బతికున్నప్పుడు ఆయన ఎన్నిసార్లు అడిగినా ఆ ఊరికి బస్టాపు రాలేదట. పోయాక వచ్చింది.

వాటిని చూసినప్పుడల్లా నాకు లేఖనంలోని ఒక సభ్యుడు గుర్తుకొస్తాడు. ఆయనా పదవిలో ఉన్నవాడే, పెద్దల సభలో కూర్చునేవాడే. సిలువ మీద నుంచి దించిన ప్రభువు దేహానికి చోటు లేకపోతే తన కోసం తొలిపించుకున్న కొత్త సమాధిని ఇచ్చేశాడు. మా సంఘపు సమాధుల తోటలో నా చేతుల మీదుగా జరిగింది దానికి తలకిందులు.

మాది యానాం. తెలుగు పంతులుగా బదిలీ మీద ఈ ఊరొచ్చి, ఇక్కడే రిటైరయ్యాను. మా తెలుగు సంఘం చిన్నది. సగంమంది నాలాగా బయటి నుంచి వచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు తరతరాలుగా ఇక్కడివాళ్ళే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళమే. మన కీర్తనలను కూడా తమిళ అక్షరాల్లో నోటుబుక్కుల్లో రాసుకుని పాడతారు. అందుకని సమాధుల మీద పేర్లు రాసే పని, ఆ తోట చూసుకునే పని ఏళ్ళ తరబడి నాదే అయింది.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం సాయంత్రం అందరం తోటకు వెళ్ళి చెక్క సిలువలన్నీ పీకుతాం. వాటిని గుడి వసారాలో పేర్చి తెల్ల రంగు వేస్తాం. ఆరాక నేను నల్ల రంగుతో పేర్లు తిరిగి రాస్తాను. శనివారం ఎవరి సిలువ వారి చోట నాటుతాం. ఈస్టరు తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగించి ఆరాధిస్తాం. మధ్యలో ఉన్న ఆ ఆరు రోజులూ తోటలో ఒక్క పేరు కూడా ఉండదు. గడ్డి చెక్కేసి, దిబ్బలు సర్దేసి ఉంటాయి. ఏది ఎవరి చోటో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పటం గీసి పెట్టమని పాస్టరుగారు రెండుమూడుసార్లు అన్నారు. నా బుర్రలో ఉందిలెండి అన్నాను.

చోటు తక్కువ కనుక ఒకే ఇంటివాళ్ళను ఒకే గుంటలో పెట్టడం కూడా మా పద్ధతి. పాత గుంట తెరిచి, పెద్దవారి ఎముకలను తెల్లగుడ్డలో మూటగట్టి, కొత్తగా వచ్చినవారి కాళ్ళ దగ్గర ఉంచుతాం. ఒక గుంట, ఒక ఇల్లు అని మా పెద్దల మాట.

ఈ ఏడు, ఈస్టరుకు ముందు నలభై శ్రమల దినాలు మొదలైన వారంలో, ఇందిరా నగర్ నుంచి మా సంఘంలోని ఒకావిడ నాకు కబురు పెట్టింది. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో సబ్బులు పెట్టెల్లో సర్దే పని చేసేది. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. తల్లి మున్సిపాలిటీలో వీధులు ఊడ్చి ఆమెను పెంచింది. ఆ తల్లి పోయి పదేళ్ళయింది. ఇప్పుడు కూతురికి రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదు.

"కూర్చోండి సారూ. కాఫీ పెట్టలేను, కోపం చేసుకోవద్దు," అంది మంచం మీద నుంచే.

"ఎలా ఉన్నావమ్మా?"

"వారానికి రెండు తూర్లు మిషనుకి పోయి వస్తా ఉండా. నాలుగు గంటలు నెత్తురు కడిగి పంపిస్తారు. మా ప్రభువు పాపాలే ఒక్క గడియలో కడిగేస్తాడు, మీకెందుకమ్మా ఇంతసేపు అని నర్సు పిల్లని అడిగితే దానికి అర్థం కాలే." తనే నవ్వింది. నవ్వు ఆగాక నా చేయి పట్టుకుంది. "ఒక మాట ఇయ్యాల సారూ. నా పొద్దు అయిపోతే మా అమ్మ కల్లరలోనే నన్ను పెట్టాల. మా అమ్మ మూట నా కాళ్ళ కాడ ఉండాల. మాకు వేరే మనిషి లే, వేరే ఇల్లు లే. నేను ఇంగేమీ అడగను."

కల్లర అంటే ఇక్కడివాళ్ళ మాటలో సమాధి. నేను "అలాగేనమ్మా" అన్నాను. తల్లి పేరున్న సిలువ కింద తవ్వితే మూట కట్టడానికి అక్కడ ఏమీ దొరకదు. ఆ సంగతి భూమ్మీద నాకొక్కడికే తెలుసు.

నాలుగేళ్ళ క్రితం, సిలువలన్నీ పీకేసి ఉన్న శ్రమల వారంలో, మంగళవారం నాడు, మా కౌన్సిలర్ గారు పోయారు. స్థానిక ఎన్నికలు జరగక ఏళ్ళయినా, ఆయన పదవి ఎప్పుడో ముగిసినా, అందరూ కౌన్సిలర్ అనే పిలిచేవారు. ఆయన భార్య పుట్టుకతో మా సంఘం మనిషి. ఆయన పెద్దవయసులో బాప్తిస్మం తీసుకున్నాడు. మంచివాడు. మా తోటకు ప్రహరీ కట్టించి, కుళాయి వేయించి, ఆ ఏడే పాత గేటు తీయించి రోడ్డు వైపు కొత్త గేటు పెట్టించింది ఆయనే. తోటలో ఎవరికీ సిమెంటు కట్టకూడదని మాకు నియమం. ఆ కృతజ్ఞత కొద్దీ ఆ ఒక్కరి కోసం కమిటీ నియమాన్ని పక్కన పెట్టింది. కమిటీ సభ్యుడిగా ఆ కాగితం రాసింది నేనే.

బుధవారం ఉదయం పార్టీవాళ్ళు నలుగురు తోటకు వచ్చారు.

"గేటు దగ్గరే కావాల సార్. బస్సులో పోయేవాళ్ళకి మా లీడరు, తలైవర్, కనపడాల," అన్నాడు ఒకతను.

"కనపడేది సమాధి కదయ్యా."

"అదే సార్, అదే. టైల్సు మాత్రం పార్టీ కలరే. పోయినసారి మావాడొకడు తెలీక వేరే పార్టీ కలరు వేసేసినాడు, రాత్రికి రాత్రి పెయింటు కొట్టించినాం."

గేటు నుంచి నాలుగో చోటు ఖాళీగా ఉందని నాకు బాగా గుర్తు. నాలుగు లెక్కపెట్టి వేలితో చూపించాను. గుంట తవ్వే తాత గునపం వేశాడు. ఒక్క సిలువ కూడా లేని నేల మీద నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఆ లెక్క పాత గేటుది. కౌన్సిలర్ గారి కొత్త గేటు ఒక సమాధి వెడల్పు పక్కకు జరిగి ఉంది.

"సారూ, మన్ను మెత్తగా ఉండాది. ఇది ముందే తొవ్విన మన్ను," అన్నాడు తాత కాసేపటికి.

"గోడ కట్టినప్పుడు తిరగేసి ఉంటారులే, కానివ్వు," అన్నాను.

మధ్యాహ్నం దాటాక అతను కుళాయి దగ్గరకు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "లోపల మనిషి ఉండాది సారూ. ఎముకలు, ఒక రాగి కడియం."

ఆ కడియం ఎవరిదో నాకు తెలుసు. కీళ్ళనొప్పులకని ఆ తల్లి, వీధులు ఊడ్చే ఆమె, ఎప్పుడూ వేసుకునేది. అప్పటికే మైకు కట్టిన వ్యాను చప్పుడు మా వీధి మలుపులో వినబడుతోంది. గేటు ముందు పెద్దవాళ్ళ కార్లు, పూలచక్రాలు, ఎండలో గొడుగులు. ఇది కాదు, పక్క చోటు తవ్వాలి, రెండు గంటలు ఆగండి అని చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేవారు. అంతే అయ్యేది. అది ఇవాళ తెలుస్తోంది.

"మూట కట్టు," అన్నాను.

"కట్టి ఎవురి కాళ్ళ కాడ పెట్టేది సారూ?" అని అడిగాడు తాత.

భుజం మీది తెల్ల తువ్వాలు తీసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని తీసుకుని గుంటలోకి దిగాడు. ఆ సాయంత్రం కౌన్సిలర్ గారిని దించినప్పుడు ఆయన కాళ్ళ వైపు, పలచటి మట్టి కింద, నా తువ్వాలు ఉంది. పునరుత్థానాన్ని గురించిన వాక్యం చదవమని పాస్టరుగారు నాకే ఇచ్చారు. ఒక్క మాట తడబడకుండా చదివాను.

శనివారం సిలువలు నాటేటప్పుడు ఊడ్చే ఆమె సిలువను ఆ పక్కనున్న ఖాళీ చోట నాటాను. ఆదివారం తెల్లవారుజామున కూతురు కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఒక ఏడు కొవ్వొత్తి పడి సిలువ అడుగున కాలిన మచ్చ ఉంది, ఆ మచ్చతో గుర్తుపడుతుంది. మోకరించి, మట్టి సర్ది, నా వైపు తిరిగింది.

"ఏంది సారూ, మా అమ్మ కొంచెం జరిగినట్టుండాదే?"

"గేటు మారింది కదమ్మా, అలా అనిపిస్తుంది," అన్నాను.

లెక్క తప్పడం పొరపాటు. మూట కట్టించడం పిరికితనం. ఈ మాట మాత్రం పాపం. తెలిసి, నవ్వుతూ, ప్రభువు లేచిన ఉదయాన, సమాధుల మధ్య నిలబడి చెప్పాను. ఆమె నమ్మింది. నాలుగు ఈస్టర్లు అక్కడే మోకరించింది. తాత మరుసటి ఏడే పోయాడు. పక్కన పార్టీ రంగు టైల్సు మెరుస్తూ ఉండేవి. నేను ఏటా ఆ సిలువ మీద ఆమె పేరు మరింత అందంగా రాస్తూ వచ్చాను.

కూతురు మాట అడిగిన మూడో రోజు ఉపవాస కూటంలో పాస్టరుగారు నన్ను ప్రార్థన చేయమన్నారు. లేచి నిలబడ్డాను. మొదటి హత్య తరువాత దేవుడు తమ్ముణ్ణి చంపిన అన్నను అడిగిన ప్రశ్న ఒక్కటే చెవిలో వినిపించింది. నీ తమ్ముడు ఎక్కడ? అని. ఏమీ పలకలేక కూర్చున్నాను. బీపీ అనుకుని ఎవరో మంచినీళ్ళిచ్చారు. మర్నాడు ఉదయం ఇందిరా నగర్ వెళ్ళాను.

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరు. "మీ అమ్మ అక్కడ లేదమ్మా."

"యాడ లేదు?"

"సిలువ ఉన్న చోట."

మొత్తం చెప్పాను. తువ్వాలు సంగతి కూడా. ఆమె ఫ్యాను వైపు చూస్తూ విన్నది. అంతా విన్నాక అడిగింది, "కడియం?"

"మూటలోనే ఉంది."

"అది తీసెయ్యమని ఆ పొద్దు అందురూ అన్నారు. నేనే వద్దంటి. మోకాళ్ళ నొప్పి ఆడ కూడా వస్తే ఏం చేసేది అని." కళ్ళు తుడుచుకుంది. "నాలుగేండ్లు ఉత్త మట్టికి కొవ్వొత్తులు పెట్టిస్తిరే సారూ! పక్క నుంచి మా అమ్మ చూసింటాది. నా బిడ్డకి కండ్లు యాడ పోయినాయి అని."

"నన్ను క్షమించమ్మా."

"అది తర్వాత. ముందు ఇది చెప్పండి. ఒక గుంట, ఒక ఇల్లు అని కదా మీ మాట? అట్లయితే మా అమ్మ ఇప్పుడు కౌన్సిలర్ ఇంటి మనిషి. ఆ ఇంటమ్మని పోయి అడగండి. మా అమ్మ కాడికి నన్ను రానిస్తుందా, లేకుంటే మా అమ్మని బయటికి ఇస్తుందా. రెండిట్లో ఒకటి. ఏదైనా సరే ఆ టైల్సు పగలాల. నా ఊపిరి ఉండంగానే జవాబు తెండి."

రెడ్డియార్‌పాళయంలో అంగళ్ళ వీధి వెనక కౌన్సిలర్ గారి ఇల్లు. స్థానిక ఎన్నికలు ఈసారి వస్తాయని మాట పుట్టింది. ఆయన కొడుకు నిలబడతాడట. తండ్రీకొడుకుల ఫొటోలతో బ్యానరు ఇంటి ముందే ఉంది. కొడుకు నా మాటలు పూర్తిగా విన్నాడు, మధ్యలో ఫోను మోగినా తీయలేదు.

"అంకుల్, మీరు పెద్దవాళ్ళు. ఇప్పుడు అప్పా సమాధి పగలగొడితే రేపు వాట్సాప్‌లో ఏం వస్తుంది? తలైవర్ కింద ఇంకో బాడీ అని వస్తుంది. ఎలక్షన్ అయిపోనివ్వండి, చూద్దాం."

"ఎలక్షన్ ఎప్పుడు బాబూ?"

"అదెవరికి తెలుసు?" అన్నాడు. తన మాట తనకే వినబడి తల దించుకున్నాడు.

అతని తల్లి అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నెలనెలా ఆడికి పోయి కూర్చుంటా ఉండా సారూ," అంది నెమ్మదిగా. "ఆయన ఒక్కడే ఉండాడు అనుకొని ఏందేందో మాట్లాడినా. ఇంట్లో చెప్పుకోలేనివి. ఆయమ్మ అంతా వినింటాది."

చనిపోయినవారు వినరనే బోధ నాకు తెలుసు. సండే స్కూలు పిల్లలకు నేనే నేర్పాను. ఆ గుమ్మంలో ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు.

"ఆ చోటు నాకని పెట్టుకున్నా," అంది మళ్ళీ. "ఇప్పుడు నన్ను యాడికి పొమ్మంటారు?"

ఇద్దరు స్త్రీల చోటును నేను పాడుచేశానని అప్పుడు అర్థమైంది. ఒకరిదే అనుకుంటూ వచ్చాను.

మట్టల ఆదివారం ఆరాధన ముగిశాక లేచి సంఘమంతటి ముందూ చెప్పాను. తరవాత స్త్రీల వైపు నుంచి ఒక ముసలామె, తనూ ఒకప్పుడు వీధులు ఊడ్చినామె, లేచింది.

"ఒక మాట అడుగుతా సారూ. కౌన్సిలర్ మూటని ఊడ్చే ఆమె కాళ్ళ కాడ పెట్టింటే, నాలుగేండ్లు ఇట్లే నోరు మూసుకొని ఉందురా?"

"లేదమ్మా," అన్నాను. అంతకన్నా నిజమైన మాట ఆ గుడిలో నేను ఎప్పుడూ పలకలేదేమో.

కమిటీ నుంచి నన్ను తీసేశారు. న్యాయమే. బుధవారం నాడు మాత్రం సంఘం నుంచి ఇద్దరు మనుషులు బండి మీద సిలువలు, రంగు డబ్బా, కుంచె తీసుకుని మా ఇంటికి వచ్చారు. "వేరేవాళ్ళకి చెక్క మీద ఇట్లా రాసేది రాదు. పేర్లు రాసేసి ఇచ్చేయండి. నాటేది మేము చూసుకుంటాం," అన్నారు. ఈసారి పటం గీశారు. నా చేత ఒక్కొక్క చోటూ చెప్పించి, వాళ్ళే గీసుకున్నారు.

ఇందిరా నగర్ ఆమె తల్లి సిలువ ఎక్కడ నాటాలన్నది శనివారం సాయంత్రందాకా తేలలేదు. ఖాళీ మట్టిలో ఇక నాటలేం. టైల్సు మీద నాటడానికి అనుమతి లేదు. కూతురినే అడిగితే, "నా మంచం పక్కన పెట్టండి. నేను పొయ్యేటప్పుడు ఇద్దురం కలిసి పోతాం," అంది. రంగు వాసన ఆరని ఆ సిలువ ఇప్పుడు ఇందిరా నగర్‌లో మందుల బల్ల పక్కన గోడకు ఆనించి ఉంది.

ఈస్టరు తెల్లవారుజామున ఆటోలో వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని నడిపించారు. నేను దూరంగా నిలబడ్డాను. ఆమే నన్ను పిలిచింది.

"కాళ్ళు ఏ పక్క సారూ?"

తూర్పు వైపు చూపించాను. కౌన్సిలర్ గారి భార్య అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. టైల్సు అంచు పొడుగునా తన కొవ్వొత్తులు వరుసగా పెట్టుకుంది. కూతురు వచ్చి నిలబడగానే ఆమె తల ఎత్తి చూసింది. కాళ్ళ వైపున్న కొవ్వొత్తులను ఒక్కొక్కటిగా తీసి కొంచెం పక్కకు పెట్టింది. జానెడు చోటు వచ్చింది. కూతురు వంగలేకపోతే ఆమె చేతిలోని కొవ్వొత్తిని తీసుకుని ఆ చోట తానే నిలబెట్టింది.

"అమ్మా, ఇప్పుడొచ్చినా," అంది కూతురు.

తరవాత పాట మొదలైంది. ఆ వెలుగులో ఇద్దరి ముఖాలూ నాకు సరిగా కనబడలేదు.

ఇది రాసే నాటికి సమాధి తెరవడానికి ఇంటివారు ఇవ్వవలసిన కాగితం మీద సంతకం లేదు. కౌన్సిలర్ గారి భార్య వద్దనలేదట, సరే అని కూడా అనలేదట. కొడుకు ఎన్నికల మాటే చెబుతున్నాడు. మొన్న మిషను నుంచి వచ్చాక ఇందిరా నగర్ ఆమె మంచం దిగలేదు. నిన్న వెళ్ళితే కళ్ళు తెరిచి, "జవాబు తెచ్చినారా?" అని అడిగింది. క్షమించావా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఆ విధవరాలి చేతికి సంతకం పెట్టే బలం ఇమ్మని, ఆమెకూ ఒక చోటు చూపించమని అడగండి. ఆ కొడుక్కి తండ్రి పేరు కన్నా తండ్రి కాళ్ళ దగ్గరున్న మనిషి పెద్దదిగా కనబడాలని అడగండి. ఆ బిడ్డ ఊపిరి ఉండగానే తల్లి దగ్గరకు దారి తెరవమని అడగండి. నా కోసం చివర్న అడగండి, సమయం ఉంటే. ప్రభువా, నీకు తెలిసిన చోటును దాచే ధైర్యం మాకు ఇంకెప్పుడూ ఇవ్వకు. ఆమేన్.